కోట మలుపులో దగ్గు

మా ఇంట్లో నాన్న కన్నా ముందు నాన్న దగ్గు వచ్చేది. వీధి గేటు దగ్గర ఒకసారి, వంటింటి గుమ్మంలో ఒకసారి, నేను పని చేసుకునే గది బయట ఒకసారి. పెద్ద దగ్గేమీ కాదు. గొంతులో ఏదో అడ్డం పడితే సవరించుకున్నట్టు పొట్టిగా, రెండు విరుపుల్లో వచ్చేది. ఆ తర్వాత మనిషి కనిపించేవాడు.

నాన్న లెక్కల మాస్టారు. బొబ్బిలి చుట్టుపక్కల బళ్ళలో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ బస్టాండులోనో పెళ్ళిళ్ళలోనో నాకు తగులుతుంటారు. "మాస్టారి దగ్గు వరండాలో ఇనపడితే సాలు, క్లాసంతా పుస్తకాలు తెరిసీసీవోల్లం" అని నవ్వుతారు. చిన్నప్పుడు నాకది గొప్పగా ఉండేది. అందరి నాన్నలకీ లేనిదేదో మా నాన్నకి ఉందనిపించేది.

పోయిన చలికాలం ఒకరోజు అన్నం తింటూ నాన్న మామూలుగా అన్నాడు: "ఇది మా అయ్యకి వచ్చిన దగ్గేరా. ఆయన దీంతోనే పోనాడు."

అప్పటినుంచి ఆ చప్పుడు నాకు వేరేగా వినిపించడం మొదలైంది.

నేను ఒక మందుల ఫ్యాక్టరీలో యంత్రాల పరిస్థితి చూసే ఇంజనీరుని. పంపులు, మోటార్లు, కంప్రెసర్లు. వాటి చప్పుడు మారితే ఎందుకు మారిందో చెప్పడం నా పని. ఏ చప్పుడుకైనా ముందు అడగాల్సినవి ఎప్పుడొస్తోంది, ఎక్కడొస్తోంది, ఏ లోడు మీద వస్తోంది అన్నవే. నాన్న దగ్గుని కూడా అలాగే చూద్దామనుకున్నాను. కానీ ముప్ఫై ఏళ్ళుగా వింటున్న చప్పుడుని కొత్తగా వినడం కష్టం. ఆయనతో పాటు పెరిగిన చెవులు నావి. అందుకని డాక్టర్లకి వదిలేశాను. కళ్ళె పరీక్ష, ఎక్స్‌రే, స్కానింగు అన్నీ అయ్యాయి. ఏమీ లేదన్నారు. నర్సుగా పనిచేసే మా అమ్మ, "ఆ దగ్గు పెళ్ళినాటికే ఉన్నాది. నాకు అలవాటైపోనాది, మీకెందుకు భయం?" అంది. నాన్నకి మాత్రం నమ్మకం కుదరలేదు. ఫొటోలో పడకుండా లోపల ఎక్కడో దాక్కుని ఉందని ఆయన అనుమానం. నిజం చెప్పాలంటే నాదీ అదే. యంత్రాల్లో కూడా బేరింగు లోపలి పగులు బయటికి కనపడదు.

చివరికి విశాఖపట్నంలో ఒక డాక్టరు, అంత అనుమానంగా ఉంటే ఊపిరితిత్తుల్లోకి సన్నటి గొట్టం పంపి చూద్దామన్నాడు. సోమవారం రమ్మన్నాడు.

గొట్టం మాట వినగానే నాన్న మొహం పాలిపోయింది. ఇంటికొచ్చాక నా గది బయట దగ్గి, లోపలికొచ్చి, "వస్తాను. కానీ శనాదివారాలు నాకిచ్చీ. కోటలు చూడాలి," అన్నాడు.

"ఏ కోటలు?"

"మన కోటలేరా. విజయనగరం, బొబ్బిలి. ఆఖరికి మా ఊరిది."

విజయనగరంలోనే ఇల్లు కట్టుకుని ఉంటూ ఆ కోట చూడలేదంటే ఎవరూ నమ్మరు. కానీ నాన్న దాని పక్కనుంచే వెళ్ళేవాడు, లోపలికి వెళ్ళేవాడు కాదు. అక్కడ ఇప్పుడు కాలేజీలున్నాయి, పిల్లలు టిఫిను డబ్బాలు పట్టుకుని తిరుగుతుంటారు, అడ్డుకునేవాళ్ళు లేరు. అయినా ఏదో ఒక పని చెప్పి గంటస్తంభం వైపు తిరిగిపోయేవాడు.

శనివారం పొద్దున్నే కారులో మందులు, నీళ్ళు, దుప్పటి, నాన్న రిపోర్టుల ఫైలు పెట్టాను. అమ్మకి డ్యూటీ. ఇద్దరమే బయల్దేరాం.

తూర్పు వైపు పెద్ద సింహద్వారం. దాని కింద నిలబడితే ఎండలోంచి ఒక్కసారిగా బావిలోకి దిగినట్టుంటుంది. రాయి చల్లగా ఉంది. పైన పావురాలు. నాన్న ద్వారం ముందు ఆగాడు, తలెత్తి చూశాడు, దగ్గాడు. ఆ రాతి కమాను కింద దగ్గు రెండింతలై తిరిగొచ్చింది. ముందు వెళ్తున్న ఇద్దరు విద్యార్థులు వెనక్కి చూసి, పక్కకి తప్పుకున్నారు.

"పావురాల రెట్ట నాన్నా" అన్నాను. "పాత గోడల బూజు, తడి, రెట్ట. ఇవి మూడూ ఊపిరితిత్తులకి పడవు. మొహానికి గుడ్డ కట్టుకో."

కట్టుకున్నాడు. లోపల తిరుగుతున్నంతసేపూ, చెట్ల కింద, కాలేజీ భవనాల ముందు, దగ్గు లేదు. మెట్ల దగ్గరికి రాగానే వచ్చింది. ఒక మూసి ఉన్న తలుపు ముందు వచ్చింది. ఒక గోడ మలుపు తిరగబోతూ వచ్చింది. గుడ్డ వల్ల ఏమీ మారలేదు. ప్రతిసారీ దగ్గిన తర్వాత ఒక్క క్షణం ఆగేవాడు, దేనికోసమో వింటున్నట్టు. నాకు ఆ ఆగడం నచ్చలేదు. నొప్పి వస్తుంటే ఓర్చుకుంటున్నాడేమో అనుకున్నాను.

"నొప్పిగా ఉందా?"

"నొప్పి లేదు."

"మరెందుకు ఆగుతున్నావు?"

ఆలోచించాడు. "ఏమోరా. ఆగాలనిపిస్తాది."

పడమటి వైపు ద్వారం చిన్నది. దాని గుండానే బయటికొచ్చాం. వచ్చేటప్పుడు దగ్గలేదు. బయటికెళ్ళేటప్పుడు దగ్గు రాదన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

బొబ్బిలి చేరేసరికి పొద్దు వాలింది. పాత కోట ఇప్పుడు లేదు. యుద్ధం జరిగిన చోట స్తంభం ఉంది. చుట్టూ ఖాళీ నేల, దూరంగా ఎవరో బైకు మీద వెళ్ళిన శబ్దం. మేమిద్దరమే ఉన్నాం. చిన్నప్పుడు సెలవుల్లో నాన్న నన్ను ఇక్కడికి తీసుకొచ్చి కోట ఎలా ముట్టడించారో నేల మీద గీసి చూపించేవాడు. ఫిరంగులు ఇక్కడ, గోడ ఇక్కడ, బురుజు ఇక్కడ. ఓటమి ఖాయమయ్యాక లోపలి ఆడవాళ్ళూ పిల్లలూ మంటల్లో పోయారని చెప్పేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం గీత గీసేవాడు కాదు.

"ఆ పొగ ఎంత దూరం కనపడుంటాదో" అన్నాడు ఇప్పుడు, స్తంభం వైపు చూస్తూ. "మనోల్లు ఎక్కడో పొలంలో నిలబడి చూసుంటారు."

"మనవాళ్ళు లోపల లేరా?"

"లోపల మనకేటి పని?"

గాలి లేదు. నేల మీద మా నీడలు పొడుగ్గా పడి స్తంభం నీడతో కలిసిపోయాయి. నాన్న నీడలోంచి తప్పుకుని పక్కకి జరిగాడు. తర్వాత నాకేసి తిరక్కుండానే మాట్లాడాడు.

"నీకో సంగతి చెప్పాలి. దగ్గిన ప్రతిసారీ మా అయ్య వచ్చి నా వెనక నిలబడినట్టుంటాది. నేను దగ్గినట్టుండదు. ఆయన దగ్గితే నాకు వినపడినట్టుంటాది. క్లాసులో పాఠం చెప్పినన్నాళ్ళూ అంతే. గుమ్మం దగ్గర ఆయన దగ్గేవాడు, లోపలికి నేను వెళ్ళేవాడిని."

ఆయన వెనక చూశాను. ఎవరూ లేరు.

"అందుకే అనుకున్నాను" అన్నాడు, "ఆయన తీసుకెళ్ళడానికి వచ్చాడని. గొట్టం వేసి చూస్తే అక్కడ ఆయన కనపడతాడు."

బూజు గురించి నా వివరణ మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. పిల్లవాడు తప్పు లెక్కని చివరిదాకా చేస్తుంటే మధ్యలో ఆపని మాస్టారిలా విన్నాడు.

ఆ రాత్రి రాజాంలో లాడ్జిలో పడుకుని, ఆదివారం పొద్దున్న నాన్న ఊరికి వెళ్ళాం. రాజాం దాటి పొలాల మధ్యకి వెళ్ళేకొద్దీ నాన్న మాట మారుతుంది. లెక్కల మాస్టారి తెలుగు ఒక్కొక్క పదం రాలిపోయి, కింద వేరే మనిషి తేలతాడు. 'లేదు' 'నేదు' అవుతుంది, 'నేను' 'నాను' అవుతుంది. ఊళ్ళో మా అత్త ఉంది, నాన్నకి అక్క. ఒక్కతే ఉంటుంది. నోరు పెద్దది. మేం చేరేసరికి చర్చికి వెళ్ళడానికి తెల్లచీర కట్టుకుని వీధిలో నిలబడి ఉంది.

"ఓలమ్మ, దొరబాబులు వచ్చినారు! పాట అయిపోనాక వస్తే ప్రార్దనకి ఆల్సమనీసి దేవుడు ఆగుతాడేటి? నడండి!"

మా పేట చర్చి చాలా పాతది. సున్నం పెళ్ళలుగా ఊడిపోయింది, పెంకుల కింద పిచ్చికల గూళ్ళు, గోడల నిండా తడి మరకలు, తలుపు తెరిస్తే మూసిన పెట్టె వాసన. నేను జేబులోంచి గుడ్డ తీసి నాన్నకివ్వబోయాను. ఆయన చెప్పులు విడిచి నేరుగా లోపలికి నడిచి వెళ్ళి చాప మీద కూర్చున్నాడు.

దగ్గు రాలేదు.

ఫ్యాక్టరీలో కూడా అంతే. వచ్చిన చప్పుడు కన్నా, రావాల్సి ఉండి రాని చప్పుడు ముందు చెవికి తగులుతుంది. ప్రార్థనంతా నేను గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను. మధ్యలో నాన్న నీళ్ళు తాగడానికి బయటికి వెళ్ళి మళ్ళీ వచ్చాడు. గుమ్మం దాటాడు. దగ్గలేదు. విజయనగరంలో ఉన్న బూజూ, తడీ, రెట్టా ఇక్కడ ఇంకా ఎక్కువగా ఉన్నాయి. అంటే నేను రెండు రోజులుగా చెబుతున్నదంతా తప్పు.

మధ్యాహ్నం అత్త నాటుకోడి పులుసు వండింది. వీధి అరుగు మీద ముగ్గురం కూర్చున్నాం.

"ఏటల్లుడూ" అంది అత్త నాకు కూర వడ్డిస్తూ, "యంత్రాలకి సెవి పెట్టి ఇంటావంట గదా. మా మిక్సీ కర్రోమంటన్నాది, సూసి పెడుదూ."

"చూస్తానత్తా. ముందు నాన్న సంగతి తేలాలి. పొద్దున్న చర్చిలోకి వెళ్ళేటప్పుడు ఆయన దగ్గలేదు. గమనించావా?"

అత్త గరిటె ఆపి నన్ను చూసింది, నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు. "సర్సిలోన ఎందుకు దగ్గుతాడు? అక్కడ లెగిసి ఎల్లడానికి ఎవులున్నారు?"

"ఎవరు లేచి వెళ్ళాలి?"

నాన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"సెప్పనేదేట్రా కొడుక్కి?" అంది అత్త తమ్ముడితో. జవాబు కోసం ఆగకుండా నా వైపు తిరిగింది. "కోట మలుపు ఉన్నాది గదా. మన పేట నుంచి పొలానికెల్లాలన్నా, బస్సుకెల్లాలన్నా కోట గోడ పక్కనించే దారి. ఆ మలుపు తిరిగితే కోటోల్ల అరుగు. ఆల్లు కూకున్నారో నేదో ఇటునుంచి మనకి కనపడదు. మనం టక్కున ఎదురుపడిపోకూడదు. అందుకని మలుపుకి ముందు దగ్గాల. దగ్గితే ఆల్లు లెగిసి లోపలికెల్తారు. కాసేపాగి మనం ఎల్లాల."

"పిలవచ్చు కదా?"

"ఎలగ పిలుస్తావు? గొంతెత్తితే పొగరంటారు. దగ్గనుకో, దగ్గు మరి ఎవులదీ కాదు గదా."

నేను నాన్నని చూశాను. ఆయన అక్కని చూస్తున్నాడు. చాలా దూరం నుంచి వస్తున్న బస్సు నంబరు చదవడానికి ప్రయత్నిస్తున్నట్టుంది ఆ చూపు.

"ఈడికైతే ముందు దగ్గడం వచ్చీది కాదు" అంది అత్త. నవ్వొచ్చి ఆగింది. "సిన్న గుంటడు. గొంతు పీలగా ఉండీది. దగ్గరా అంటే కీసుమనీవోడు, పిల్లిలాగ. ఆల్లకి ఇనపడదని అయ్యకి బయం. నేర్పమని నాకు సెప్పినాడు. నాను ఎండుమిరపకాయి పొయ్యిలోనేసి, ఆ పొగ ఈడి మొకానికి పట్టి..."

"అప్పా" అన్నాడు నాన్న, అక్కని ఆపుతూ.

"ఏటి? అలగే గదా నేర్పినాను! రెండు దగ్గులు. ఒకటయితే గాలికనుకుంటారు. మూడైతే జబ్బనుకుంటారు. అయ్య దగ్గినట్టే దగ్గాలనీసి, అయ్యని దగ్గమని, ఆ యెనకాల ఈడిని దగ్గమని..."

ఆమె నవ్వు మధ్యలో ఎక్కడో ఆగింది. మా ఇద్దరి మొహాలూ చూసి కూర గిన్నె మీద మూత పెట్టింది.

నాన్న నెమ్మదిగా అడిగాడు. "అయ్య దగ్గుతోనే గదా పోనాడు?"

"నీకెవులు సెప్పినారు? అయ్య జొరమొచ్చి పోనాడు. సలిజొరం. ఆకర్న ఆడికి మాటే నేదు, దగ్గడానికి ఓపికేది? నువ్వు హాస్టల్లో ఉన్నావు. మట్టి సేసీసినాక గదా వచ్చినావు."

"నేనొచ్చినప్పుడల్లా దగ్గుతానే ఉండీవోడు."

"నువ్వొస్తే బస్సుకాడికి నీకోసం ఎల్లీవోడు గదా. కోట మీంచే గదా ఎల్లాల, రావాల. దగ్గకపోతే ఎలగొస్తాడు?"

ఆఖరి రోజుల్లో తాతని నాన్న చూసిందంతా ఆ దారిలోనే. హాస్టలు నుంచి దిగిన కొడుకు పెట్టె నెత్తిన పెట్టుకుని ముందు నడుస్తూ, మలుపు దగ్గర దగ్గి ఆగే మనిషి. ఆ మనిషి పోయాడని కబురొచ్చేసరికి కారణం ఏమిటో ఎవర్నీ అడగక్కర్లేకపోయింది. ఆ దగ్గే అనుకున్నాడు. నలభై ఏళ్ళ పైన దాన్నే మోశాడు.

చెయ్యి కడుక్కుని లేచాడు. "కోట చూసొస్తాను."

"ఎండలోనా?" అంది అత్త. ఆయన అప్పటికే వీధిలో ఉన్నాడు. నేను వెనక నడిచాను.

కోట అంటే ఊరివాళ్ళకి కోట. విజయనగరం చూసొచ్చిన కంటికి అది ప్రాకారం ఉన్న పెద్ద మేడ. మట్టీ ఇటుకా కలిపి కట్టిన గోడ, దాని మీద రావి మొలకలు, లోపల కప్పు కూలిన గదులు. వారసులు విశాఖపట్నంలో ఉంటారని, తలుపులూ దూలాలూ ఎప్పుడో తీసుకుపోయారని అత్త చెప్పింది. మిట్టమధ్యాహ్నం. దారిలో మనిషి లేడు, కుక్క కూడా లేదు. గోడ పక్కన నడుస్తుంటే మా అడుగుల చప్పుడు గోడ అవతల కూడా ఎవరో నడుస్తున్నట్టు వినిపిస్తోంది.

మలుపు దగ్గర నాన్న ఆగాడు.

కావాలనే ఆగాడని నాకు తెలుసు. దగ్గకుండా వెళ్ళాలని చూస్తున్నాడు. గుటక వేశాడు. మెడ నరాలు బిగుసుకున్నాయి. కుడికాలు ముందుకి వేయబోయి, మళ్ళీ ఉన్నచోటే ఆనించాడు. నేను పక్కకొచ్చి మొహం చూశాను. కళ్ళలో నీళ్ళు. అది ఏడుపు కాదు, ఆపుకున్న దగ్గుకి వచ్చిన నీళ్ళు.

"పద నాన్నా. ఎవరూ లేరు."

"తెలుసురా."

"మరి?"

"నాకు తెలుసు. కాలికి తెలీదు."

ఇంకాసేపు నిలబడ్డాడు. తర్వాత ఓడిపోయినవాడిలా తల వంచి, దగ్గాడు. పొట్టిగా, రెండు విరుపుల్లో.

మలుపు అవతల ఏదో కదిలింది. మంచం కిర్రుమన్నట్టు, ఆ తర్వాత చెప్పులు ఈడ్చుకుంటూ ఎవరో లోపలికి వెళ్తున్నట్టు. ఆ చప్పుడు మెల్లగా దూరమైంది. తర్వాత ఏమీ లేదు.

మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఆయనా విన్నాడు.

"ఎల్లిపోనారు" అన్నాడు నాన్న, ఏ ఆశ్చర్యమూ లేకుండా. "రా."

మలుపు తిరిగాం. అరుగు ఖాళీ. పొడుగాటి అరుగు, నాలుగు స్తంభాలు, నేల మీద మందంగా దుమ్ము. మంచం లేదు. ఆ చప్పుడుకి కారణం కోసం నేను వెంటనే వెతికాను. మేకయితే పెంటిక ఉండాలి, ఉన్నది పాతది, ఎండిపోయింది. పావురమైతే ఎగరాలి, చెప్పులు ఈడ్చినట్టుండదు. వదులైన పెంకు జారి ఉండొచ్చు, కానీ ఆ భాగంలో పెంకులే లేవు. దుమ్ములో అడుగుల జాడ కోసం చూశాను. గాలి గీసిన గీతలు తప్ప ఏమీ లేవు. ఏదో ఒక జవాబు ఉండే ఉంటుంది. నాకు దొరకలేదు.

నాన్న అరుగు ముందు కాసేపు నిలబడి, చెప్పులు విడవబోయి, మనసు మార్చుకుని, చెప్పుల కాళ్ళతోనే పైకెక్కాడు. ఒక స్తంభాన్ని అరచేత్తో తాకి చూశాడు. తర్వాత లోపలికి వెళ్ళాడు. ఉయ్యాల కొక్కేలు రెండు దూలం లేని గోడలో మిగిలున్నాయి. గూట్లో దీపపు మసి ఉంది. ఒక గది మధ్యలోంచి సీతాఫలం చెట్టు లేచి ఆకాశంలోకి పోయింది. గదిగదికీ గుమ్మం దగ్గర ఆగాడు, కొన్నిచోట్ల దగ్గాడు. ఎక్కడా ఏదీ కదల్లేదు.

"ఇంతేనేటి" అన్నాడు ఆఖరికి. "చిన్నదే."

మళ్ళీ అరుగు మీదకొచ్చి, స్తంభానికి ఆనుకుని, దారికి ఎదురుగా కూర్చున్నాడు. నేను మెట్టు మీద కూర్చున్నాను. అక్కడి నుంచి చూస్తే మలుపు గోడ కొస వరకే కనపడుతుంది. దాని అవతల ఎవరు నిలబడినా కనపడరు.

"ఇక్కడ్నుంచి ఏటీ కనపడదు" అన్నాడు నాన్న. "వినపడాలంతే."

ఆ మాట అయీ అవకముందే మలుపు అవతల నుంచి దగ్గు వినిపించింది.

పొట్టిగా. రెండు విరుపుల్లో. నాన్న దగ్గు. నాన్న నా ఎదురుగా నోరు మూసుకుని కూర్చుని ఉన్నాడు.

నేను మలుపు వైపు తిరిగాను. నాన్న మాత్రం నేను ఊహించని పని చేశాడు. లేచాడు. ఏమీ ఆలోచించకుండా, మలుపు వైపు చూడకుండా, చెప్పులు ఈడ్చుకుంటూ లోపలి గుమ్మం వైపు రెండడుగులు వేశాడు. మేం వచ్చేటప్పుడు విన్న చప్పుడు అదే. అచ్చంగా అదే.

గుమ్మంలో ఆగిపోయాడు. గోడ పట్టుకున్నాడు.

"నేను లేచీసినానేట్రా?" అన్నాడు. "చూశావా? నేనూ లేచీసినాను."

బయట మళ్ళీ దగ్గు. ఈసారి కొంచెం గట్టిగా, తొందరగా ఉంది. లోపలివాళ్ళు వెళ్ళారో లేదో తెలీక ఎదురుచూస్తున్న మనిషి దగ్గు అది. ఆ దగ్గుని ఇటువైపు నుంచి నాన్న ఎప్పుడూ వినలేదు. అవతల నిలబడి దగ్గడమే ఆయనకి తెలుసు.

నాన్న వెనక్కి తిరిగి అరుగు అంచుకొచ్చాడు. బళ్ళో పాఠం చెప్పిన గొంతంతా తీసి అరిచాడు.

"దగ్గకే అప్పా! ఇక్కడ మనమే ఉన్నాం! వచ్చీ!"

అవతలి నుంచి అత్త గొంతు. "ఎవుల్రా అది?"

"నానే! వచ్చీయే!"

గోడ కొసన ముందు తెల్లచీర అంచు, తర్వాత నీళ్ళ సీసా, తర్వాత అత్త కనిపించింది. తమ్ముణ్ణి అరుగు మీద చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఓర్నాయనో! ఆడెక్కి నిలబడినావేట్రా! దిగు! నీకు నీల్లు తెచ్చినాను, ఎండలో పడిపోతావనీసి."

"నువ్వే ఎక్కు."

"నానెందుకు?"

"కూకుందాం కాసేపు."

అత్త చుట్టూ చూసింది. ఎవరి కోసం చూసిందో అడగలేదు నేను. తర్వాత కొంగుతో అరుగు మీద ఒక మనిషి పట్టేంత మేర దుమ్ము తుడిచి, అంచు మీద, సగం కూర్చుంది. ఎప్పుడైనా లేచిపోవడానికి వీలుగా. సీసా మూత తీసి తమ్ముడికిచ్చింది.

"ఖాళీ అని తెలుసు గదత్తా. నువ్వెందుకు దగ్గావు?" అన్నాను.

"ఏమో అల్లుడూ" అంది. "ఆ మలుపుకాడికొస్తే అదే వచ్చీస్తాది. పొద్దున్న పనికెల్లినా అంతే, సాయంత్రం వచ్చినా అంతే. మనం వద్దంటే ఊరుకుంటాదేటి?"

సోమవారం మేం విశాఖపట్నం వెళ్ళాం. వద్దనుకుంటే మానేద్దామన్నాను. నాన్నే ఒప్పుకోలేదు. "చూడనీ. అక్కడ అయ్య లేడని వాళ్ళ నోటితో వింటాను." గొట్టం వేసి చూశారు. లోపల శుభ్రంగా ఉంది. మత్తు దిగాక, ఎండిన పెదాలతో నాన్న నన్ను అడిగిన మొదటి మాట, "లేడు గదా?" లేడన్నాను. తల ఊపి మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. సంతోషించాడో, ఒంటరివాడయ్యాడో నాకు తెలీలేదు.

ఆ తర్వాత నాన్న దగ్గు మానడానికి ప్రయత్నం మొదలుపెట్టాడు. ఊరికే పోలేదు. గుమ్మాల దగ్గర ఆగిపోయేవాడు, గుటకలు వేసేవాడు, చెయ్యి గొంతు మీద పెట్టుకునేవాడు. లోపల ఉన్న మాకు అది వినపడేది కాదు. నెమ్మదిగా తగ్గింది. ఇప్పుడు దాదాపు లేదు.

దాంతో మా ఇంట్లో కొత్త ఇబ్బంది వచ్చింది. ఆయన ఎక్కడున్నాడో మాకు తెలియడం లేదు. మొన్న వంటింట్లో అమ్మ పప్పు తాలింపు వేస్తూ వెనక్కి తిరిగి కెవ్వున అరిచింది. గరిటె నేల మీద పడింది. నాన్న సరిగ్గా ఆమె వెనక నిలబడి ఉన్నాడు.

"దెయ్యంలాగ నిలబడ్డావేటి! వచ్చేముందు దగ్గొచ్చు కదా!"

నాన్న నవ్వాడు. చాలాసేపు నవ్వాడు. వంగి గరిటె తీసి, కడిగి, ఆమె చేతికిచ్చాడు. దగ్గలేదు.

నేను వారాంతాల్లో ఇంటికొచ్చి నా గదిలో తలుపు వేసుకుని పని చేసుకుంటాను. ఒక్కోసారి, ఏ చప్పుడూ లేకుండానే, తలుపు అవతల ఎవరో ఆగి ఉన్నారని తెలుస్తుంది. కీబోర్డు మీద చేతులు ఆపి వింటాను. దగ్గు రావాల్సిన చోట రాదు. ఆ ఖాళీలో ఒకరే నిలబడ్డారో, వెనక ఇంకొకరున్నారో చెప్పలేను. లేవను. కూర్చునే ఉంటాను, నేను కూర్చునే ఉన్నానని బయటికి తెలియాలన్నట్టు.

తర్వాత తలుపు తెరుచుకుంటుంది. నాన్న ఒక్కడే లోపలికి వస్తాడు.